రక్‌ల దూకమన్న మేడం

సుబ్బరత్నం మేడం కబడ్డీల పుట్టి పెరిగిన మనిషి. సత్తుపల్లి దిక్కు ఏ ఊరి పోటీకి పోయినా, ఎదుటోళ్ల కాలు దొరికిందంటే తల వంచి ఒక్క దూకు దూకి పట్టేది. భద్రాచలం అడవి దిక్కు ఆడపిల్లల హాస్టల్ల పీఈటీ అయినంక, రగ్బీ నేర్పమని పైనుంచి ఆర్డర్ వచ్చింది. మూడు రోజుల ట్రైనింగ్, ఒక పుస్తకం, కోడిగుడ్డసొంటి నాలుగు బాల్‌లు. అయిపాయె, మేడం రగ్బీ కోచ్ అయింది.

ట్రైనింగ్ల సారు ఒక్క ముచ్చట మళ్ల మళ్ల చెప్పిండు. బాల్ పట్టుకున్న పిల్ల కింద పడితే, ఆ బాల్ మీద రెండు జట్లు నిలబడి తోసుకుంటయి. దాన్నే రక్ అంటరు. అండ్ల కాళ్ల మీదనే ఉండాలె, దూకొద్దు, తల నడుము కంటే కిందికి దిగొద్దు. దిగితే మెడ పోతది. మేడం అవ్ అవ్ అని తల ఊపింది. గ్రౌండ్‌కు వచ్చినంక మాత్రం పాత ఆటే యాదికొచ్చింది. పిల్లలను తల వంచి దూకమన్నది. దూకితే బాల్ వస్తుండె, కప్పులు వస్తుండె, మండలం పోటీలల్ల విజిల్ ఊది ఆపెటోడే లేకపాయె. ఇగ పుస్తకం ఎవలు తెరుస్తరు?

అందరికంటే బాగ దూకేది గోరి. తండా పిల్ల, పదో తరగతి. మేడం ఏది చెప్తే అదే దానికి వేదం.

పాల్వంచల జిల్లా ఫైనల్ పెట్టిండ్రు. మణుగూరు జట్టు పిల్ల హర్షిత బాల్ మీద సక్కగ, రూల్ ప్రకారం నిలబడి ఉన్నది. గోరి తల వంచి దూకింది. నెత్తి పోయి ఆ పిల్ల తుంటికి తగిలి, మెడ మడతపడ్డది. గోరి మళ్ల లేవలే.

ఖమ్మం దవాఖానాల అది పన్నెండో రోజు. మెడ కింద ఏం తెలుస్తలేదు పిల్లకు. ఇగ నడవదని డాక్టర్ చెప్పిండు. హర్షితనే గుద్ది పడేసిందని తండా అంత తిట్టింది. మేడం కాదనలే. కాదంటే నౌకరి పోతదని ఒక భయం. గోరి నాయన రూప్లా మొఖం ఎట్ల చూడాలెనని అంతకంటే పెద్ద భయం. థూ, నాదీ ఒక బతుకేనా అని లోపలనే తిట్టుకున్నది.

ఆ పొద్దు హర్షితను తోలుకొని వాళ్ల నాయన ఎల్లస్వామి వచ్చిండు. బొగ్గు బాయిల పనిచేసే మనిషి. బిడ్డ అన్నం ముడతలేదని, ఒక్కసారి రూప్లా కాళ్లు మొక్కిస్తనని, గోరిని చూడనీకి ఆ పొద్దే వచ్చిన మేడంను బతిమాలిండు. వరండాల హర్షిత వంగితే రూప్లా కాళ్లు వెనకకు గుంజుకున్నడు. వంగిన ఆ పిల్ల వీపుల ఎముకలు లెక్కపెట్టచ్చు, గంత ఎండిపోయింది. అది చూసినంక మేడంకు పాణం ఆగలే.

"లే తల్లీ, నీ తప్పేం లేదు" అన్నది. రూప్లా దిక్కు తిరిగింది. "అన్నా, తల వంచి దూకమన్నది నేనే. అది తప్పని నాకు ముందే చెప్పిండ్రు. నేనే వినలేదు. నీ బిడ్డను గిట్ల చేసింది నేను."

ఎల్లస్వామి బిడ్డను లేపి బయటికి తీస్కపోయిండు. రూప్లా మేడం ముందటికి వచ్చి నిలబడ్డడు. కొడ్తడనుకున్నది మేడం. కొడితే బాగుండు అని గూడ అనుకున్నది. కొట్టలే.

"గోరికి ఈ ముచ్చట చెప్పకు మేడం" అన్నడు. "డాక్టర్ మాట అది నమ్ముతలేదు. మా మేడం వచ్చి లేపుతది అంటున్నది. గా ఒక్క ఆశ తియ్యకు."

మేడం కండ్లు తుడుసుకొని లోపలికి పోయి, మంచం పక్కన కూసున్నది. వచ్చినవా మేడం, ఇగ లేపు, ప్రాక్టీస్ ఎన్ని రోజులు పోయిందో అన్నది గోరి. మేడం దాని చెయ్యి రెండు చేతులతోని గట్టిగ పట్టుకున్నది. పట్టుకున్నట్టు గోరికి తెల్వలే. లేపుతదని మేడం మొఖమే చూస్తున్నది.