సూర్యకళకో వాటా

ఎల్లారావుకి జబ్బు చేసిన సంగతి వేసవంతా ఎవరికీ తెలియలేదు. సముద్రంలో చేపల వేట నిషేధం ఉన్నన్నాళ్ళూ పేటలో మగాళ్ళందరూ ఇళ్ళల్లోనే పడుంటారు గనక, అతను మంచం దిగకపోవడం ఎవరి కంటికీ ఆనలేదు. నిషేధం ఎత్తేసి పడవలన్నీ సముద్రంలోకి దిగిన రోజు కూడా అతను లేవలేదు. అప్పుడు అతని పెళ్ళాం సూర్యకళకి గుండె జారింది.

పడవ మునిగిందా అంటే మునగలేదు. ఇంట్లో ఎవరైనా పోయారా అంటే పోలేదు. తాగుడా అంటే, ఆ ధ్యాస కూడా లేదు మనిషికి. అత్తగారు గాలి సోకిందని వేపమండలతో దిగదుడిచింది. సింహాచలం తీసుకెళ్ళి మొక్కించింది. చివరికి సూర్యకళే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది.

"ఇది మనసుకొచ్చే జబ్బమ్మా. మాత్రలు మానిపించకు. కానీ మాత్రలొక్కటే చాలవు" అంది డాక్టరమ్మ. "పొద్దున్నే లేపు. నలుగురిలో కూర్చోబెట్టు. చేతికి తెలిసిన పని ఏదో ఒకటి కొంచెమైనా చెయ్యనీ. ఆత్రపడకు."

ఇక సూర్యకళకి అదే వ్రతమైపోయింది. రోజూ పొద్దున్నే చెయ్యి పట్టుకుని లేపి, మొహం కడిగించి, ఒడ్డున వలలు బాగుచేసే పాకలో దింపి, అప్పుడు చేపల గంప ఎత్తుకునేది. పాకలో ఆమె అన్న సింహాద్రి ఉండేవాడు. మోకాళ్ళ నొప్పులతో వేట మానేసి, వలల చిరుగులు కట్టుకుంటూ బతుకుతున్నాడు.

"ఏటి బావా, కొత్త పెల్లికూతురునాగ తలొంచుకుని కూకున్నావ్? పూలేమన్నా ఎట్టాలేటి?"

ఎల్లారావు నవ్వేవాడు కాదు. మొదట్లో ఒళ్ళో వల పెట్టుకుని ఊరికే చూసేవాడు. కొన్నాళ్ళకి ఒక ముడి వేశాడు. ఇంకొన్నాళ్ళకి అరచెయ్యంత చిరుగు పూడ్చాడు. ఒకరోజు సింహాద్రి కట్టిన వలని ఎల్లారావు లాగి చూసి, "ఈ కన్నంలోంచి సేపలేటి, నువ్వూ దూరిపోతావు" అన్నాడు.

"ఓలమ్మో, మాటాడినాడర్రా!" అని సింహాద్రి పాక ఎగిరిపోయేలా అరిచాడు.

ఆ రోజు సూర్యకళ చేపలమ్ముతూ కాలనీ వీధులన్నీ తిరిగినా నెత్తిన గంప ఉన్నట్టే తెలియలేదు. వానలు తగ్గేసరికి మళ్ళీ పడవెక్కుతాడనుకుంది.

కానీ అన్నాళ్ళూ ఒడ్డున కొని అమ్మే చేపలతోనే ఇల్లు గడవదు, పడవ వాటా రావాలి కదా. ఎల్లారావు పనిచేసిన పడవ వీర్రాజుది. ఆమె వెళ్ళి అతన్ని అడిగింది.

"ఓ వాటా పడెయ్యన్నా. ఆడు లేచినాక తీర్చుకుంతాడు."

"తీర్చడమేటే? ఆడు మాకు పరాయోడేటి?" అన్నాడు వీర్రాజు.

పడవ ఒడ్డుకొచ్చాక చేపలు కుప్పలు పోసి, ఒక్కో కుప్పకీ ఒక పేరు పిలుస్తారు. పెళ్ళాం వచ్చి ఎత్తుకెళ్ళినా పిలిచేది మగాడి పేరే. సముద్రంలో మొగుడు పోయిన ఆడదానికి మాత్రం ఆమె పేరు మీదే చిన్న వాటా పిలుస్తారు. ఎవరో పెట్టిన కట్టడి కాదది, అలా జరిగిపోతూ ఉంటుంది.

మర్నాడు వీర్రాజు వాటాలు పిలిచాడు. మగాళ్ళ పేర్లన్నీ అయ్యాయి. మొగుడు పోయిన దేముడమ్మ గంప పట్టుకుని ఒక పక్కగా నిలబడి ఉంది.

"దేముడమ్మకో వాటా! సూర్యకళకో వాటా!"

అడిగింది ఆమె గనక ఆమె పేరే వచ్చింది వీర్రాజు నోట. అంతకుమించి ఏమీ లేదు. కానీ సూర్యకళ ఆ కుప్ప ఎత్తుకోలేదు. పాక వైపు చూసింది. ఎల్లారావు ఒళ్ళో వల తీసి జాగ్రత్తగా పక్కన పెట్టాడు. లేచి ఇంటికి నడిచాడు.

ఆమె పరుగున ఇంటికొచ్చేసరికి గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"మావా, ఆడేదో నోరుజారి అనీసినాడు."

"తప్పేటన్నాడే? బతికున్నోన్నయితే నా పేరే పిల్దురు."

మర్నాడు లేవలేదు. సింహాద్రి వచ్చి హాస్యాలాడి, బతిమాలి, ఆఖరికి తిట్టి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. సూర్యకళ ఒడ్డుకెళ్ళి అందరి ముందూ వీర్రాజు మీద విరుచుకుపడింది.

"నా మొగుడు బతికే ఉన్నాడు. ఆడి పేరెట్టి పిలు. నేదంటే నీ సేపలు నాకొద్దు."

వీర్రాజు నిలువునా నీరయ్యాడు. "ఆ మాట నాకు తట్టనేదే సెల్లా" అని, ఇళ్ళ వైపు తిరిగి గొంతు చించుకుని పిలిచాడు. "ఎల్లారావుకో వాటా!"

చేపలు తెచ్చి గుమ్మంలో పెట్టి సూర్యకళ మంచం పక్కన కూలబడింది.

"ఇన్నావా మావా? నీ పేరే పిలిసినారు."

"ఇన్నాను." దుప్పటి మెడదాకా లాక్కున్నాడు. "రేపట్నించి పిలవొద్దని సెప్పు."

"ఎందుకేటి?"

"పిలిత్తే ఎల్లాల కదే. నానెల్లలేను."

ఆమె మాత్ర ఇస్తే చిన్నపిల్లాడిలా నోరు తెరిచి మింగాడు. చేపల పులుసు ముట్టలేదు.

తెల్లారి మళ్ళీ చెయ్యి పట్టుకుని లాగింది. చెయ్యి వచ్చింది, మనిషి రాలేదు. ఆ చేతిని మెల్లిగా దుప్పటి మీద పెట్టి, గంప తీసుకుని ఒక్కతే ఒడ్డుకి వెళ్ళింది. పిలవొద్దని మాత్రం వీర్రాజుకి చెప్పలేదు.