వదినగారి పెళ్ళికి అభ్యంతరం

మార్చి నెల రెండవ సోమవారం ఉదయం. వివాహ నమోదు కార్యాలయంలో నలుగురు ఉన్నారు: రిజిస్ట్రారు, తాళాల మేస్త్రి, ఇరవై ఏళ్ళకు పైగా అతనితో కాపురం చేస్తున్న దర్జీ ఆవిడ, అతని చెల్లెలు.

పెళ్ళి నోటీసు గోడకెక్కిన వారానికే అభ్యంతరం వచ్చింది. మేస్త్రి గుండెజబ్బు నుంచి ఇంకా పూర్తిగా తేరుకోలేదు. అతనికేమైనా అయితే, నమోదు కాని కాపురాన్ని చట్టం లెక్కచేయదు. అతని దుకాణమూ, వాళ్ళు కాపురముంటున్న పైగదీ చెల్లెలివే అవుతాయి. దర్జీ ఆవిడ కుట్టుమిషనుతో సహా వీధిన పడవలసిందే. అభ్యంతరం పెట్టింది ఆ చెల్లెలేనని తెలిసిన నాటినుంచి ఆవిడకు ముద్ద దిగలేదు. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు గానీ, ఈమె నిండు యముడై కూర్చుందేమిటి?

రిజిస్ట్రారు కళ్ళజోడు సవరించుకున్నాడు. “వరుడికి భార్య బతికే ఉందని రాశారు. ఎవరమ్మా ఆవిడ?”

“ఎవరేంటండీ? మీ ఎదురుగానే ఉందిగా, మా వదిన!” అంది చెల్లెలు.

మేస్త్రి తల పట్టుకున్నాడు. “నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఆవిడతోనే కదే పెళ్ళి!”

“నువ్వుండన్నయ్యా! ఇవాళ పెళ్ళంటే నిన్నటిదాకా ఈవిడ ఎవరన్నట్టు? మంచాన పడ్డ అమ్మకి ఒళ్ళు తుడిచింది ఎవరు? వదినా అని పిలిచిన నా నోరు అబద్ధమా?”

దర్జీ ఆవిడ ఆమె ముఖంకేసి చూడలేకపోయింది. ఇన్నాళ్ళూ ఈ మనిషినా తిట్టుకున్నది!

“మీ మాట అబద్ధమని ప్రభుత్వం అనదమ్మా,” అన్నాడు రిజిస్ట్రారు. “దానికి మీ ఇల్లు తెలీదు, అంతే.”

“తెలీకపోతే వచ్చి కనుక్కోమనండి! లేదా, పాత తేదీ వెయ్యండి.”

“అది మాత్రం కుదరదు.”

అప్పుడు దర్జీ ఆవిడ ఆడపడుచు చెయ్యి పట్టుకుంది. “నువ్వున్నంత కాలం నీ మాటే నాకు కొండంత అండ. రేపు నువ్వూ లేకపోతే? నీ అల్లుడొచ్చి గది ఖాళీ చెయ్యమంటే, నీ నోరు నేనెక్కడ అరువు తెచ్చుకోనే?”

అల్లుడి సంగతి చెల్లెలికి తెలియనిది కాదు.

“సరే, ఎక్కడ పెట్టాలి సంతకం?” అంది ముక్కు తుడుచుకుంటూ. “పెళ్ళిరోజు మాత్రం పాతదే. ప్రభుత్వం వచ్చి చెప్పినా నేను మార్చను.”

అభ్యంతరం ఉపసంహరించుకున్నట్టు సంతకం చేసింది. రిజిస్ట్రారు సిరా ఆరనిచ్చి, కాగితాన్ని మడిచి, ఫైలులో పెట్టి బీరువా మూశాడు.