గాలి ఆడని పొద్దు

ఆ తీరంలో ఎండకు కొదవ లేదు, గాలికీ లేదు. సముద్రపు నీటిని మంచినీరు చేసి, ఎండా గాలీ ఇచ్చే కరెంటుతో విడగొట్టి హైడ్రోజన్ తీయవచ్చు. దాన్ని అమ్మోనియాగా మార్చి ఓడలకెక్కించి విదేశాలకు పంపవచ్చు. ఇదంతా అయ్యే పనేనా అని తేల్చడానికి కూర్చున్న బృందంలో ఎవరి భాగానికి వాళ్లు సరే అనేశారు. మిగిలింది ఆమె ఒక్కతే. పాత జెట్టీ పక్కన కట్టబోయే అమ్మోనియా ట్యాంకు ఎప్పుడైనా లీకైతే ఆ విషవాయువు ఎంత దూరం పోతుందో లెక్కగట్టడం ఆమె పని.

ఆమె లెక్కలో, మామూలు గాలికి వాయువు సముద్రం మీదికే పోయింది. గాలి ఆడని తెల్లవారుజామున మాత్రం నేలను కరుచుకుని ఊరివైపు పాకింది. కంప్యూటర్ తెర మీద ఎర్రటి మరక గోదాములు దాటి, రైలు పట్టాలు దాటి, ఒక వీధిని మింగి ఆగింది. ఆ వీధి మూలనున్న మేడ ఆమె అక్కది. షిఫ్టులకు వెళ్లే తల్లుల పిల్లల్ని అక్క ఆ ఇంట్లోనే కింద గదుల్లో చూసుకుంటుంది.

ఎక్కడో పొరపాటు చేశాననుకుని మళ్లీ చేసింది. మరక కదల్లేదు.

ఆదివారం అక్క ఇంట్లో భోజనాల దగ్గర బావ కదిలించాడు. ఆయన క్రేన్ ఆపరేటరు. జెట్టీ మూతపడ్డాక చేతినిండా పని లేదు.

"ఏం మరదలా, మీ కంపెనీ వస్తుందా, రాదా? నా క్రేను తుప్పు పట్టిపోతోంది. దాంతోపాటు నేనూ."

"ఇంకా తేలలేదు బావా."

"తేలకపోతే ఆ మొహం ఏంటే?" అంది అక్క. "ముందు తిను."

లెక్కల సంగతి బయట చెప్పనని ఆమె ఆఫీసులో సంతకం పెట్టి ఉంది. గోడకు వేలాడుతున్న పిల్లల సంచుల వంక చూడలేక తల వంచుకుని నాలుగు మెతుకులు మింగింది.

మర్నాడు బృందం పెద్దాయన ఆ మరక మ్యాపు చూసి గడ్డం గోక్కున్నాడు. "గాలి బొత్తిగా ఆడని పొద్దులు ఏడాదిలో ఎన్నుంటాయమ్మా? నివేదిక చివర అనుబంధంలో పెడదాం. చెప్పినట్టే అవుతుంది కదా."

ఆ రాత్రి ఆమె సరిగా నిద్ర పట్టక, తెల్లారకముందే లేచి జెట్టీకి వెళ్లింది. ఆకు కూడా కదలడం లేదు. లంగరు వేసిన టగ్ బోటు, ఓడల్ని లాగే పడవ, దాని పొగ పైకి లేవకుండా పరుచుకుని పట్టాల వైపు మెల్లగా జరుగుతోంది. ఆమె దాని పక్కనే నడిచింది. అక్క గుమ్మం చేరేసరికి తల్లులు పిల్లల్ని దించుతున్నారు. నిద్ర మత్తు వదలని ఓ పాప తల్లి భుజం మీంచి అక్క భుజం మీదికి వాలిపోయింది. వాళ్లు వచ్చే వేళా, గాలి ఆగే వేళా ఒక్కటే.

"ఇంత పొద్దున్నే ఏంటే?" అంది అక్క.

"ఊరికే."

అక్కణ్నుంచి నేరుగా ఆఫీసుకు వెళ్లి పెద్దాయన ముందు నిలబడింది. "ఆ మ్యాపు మొదటి పేజీలో ఉండాలండీ. ఇంకో సంగతి. ఆ వీధిలో మా అక్క ఉంటుంది."

ఆయన కళ్లజోడు తీసేశాడు. "ఇప్పుడా ఇది చెప్పేది? నీ లెక్క నిజమే అయినా అక్క కోసం అటు లాగావంటారు."

"అందుకే నన్ను తప్పించండి. ఇంకెవరిచేతైనా మొదట్నుంచి చేయించండి."

వేరే ఊరి ఆఫీసులో ఒకాయనకు అప్పగించారు. ఇక ఎదురుచూపు. ఫోన్ మోగితే చేతిలో పని వదిలేసి అందుకునేది. తన లెక్క తప్పని తేలితే బావకు పని దొరుకుతుందనుకునేది. మరుక్షణం, అలా తేలితే తాను నమ్మగలదా అని హడలిపోయేది.

చివరికి పెద్దాయనే పిలిచాడు. "ఆయన మరక నీదానికన్నా పెద్దదమ్మా. మొదటి పేజీలో నేనే పెట్టాను."

హైడ్రోజన్ తయారీ సాధ్యమే, ఎగుమతీ సాధ్యమే, ఈ జెట్టీ నుంచి మాత్రం కాదు. కొండ అవతల కొత్త రేవు కట్టాలి. దానికి ఏళ్లు పడతాయి. నివేదిక బయటికి రాగానే ఆమె తానే వెళ్లి అక్కాబావలకు చెప్పింది.

"ఏళ్లా?" అన్నాడు బావ. చొక్కా తగిలించుకుని బయటికి వెళ్లిపోయాడు.

అక్క ఆమె వైపు తిరిగింది. "ఆ రోజు పొద్దున్నే వచ్చావే, అప్పటికే తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ ఊరికే అన్నావా నాతో?"



నెల తిరగకుండానే బావకు దూరపు రేవులో పని దొరికింది. ఆమె బస్టాండుకు వెళ్లింది. తనతో మాట్లాడడనుకుంది. బస్సు కదలబోతుంటే ఆయన కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"మీ అక్క పైకి గట్టిగా ఉంటుంది గానీ ఒక్కతే ఉండలేదు. నీ గది ఖాళీ చేసి వచ్చెయ్."

ఆ సాయంత్రమే ఆమె పెట్టె పట్టుకుని వెళ్లింది. అక్క తలుపు తీసింది. పెట్టెకు ఒకవైపు తానూ చెయ్యి వేసింది. మెట్లెక్కుతూ, "చిన్నగా మాట్లాడు. కింద ఒకడింకా నిద్రపోతున్నాడు, వాళ్లమ్మకి ఆలస్యమైంది" అంది.