పావుగంట పెద్దరికం

ఆ వీధి మొత్తానికి కళ్ళజోళ్ళ కొట్టు ఒక్కటే. ముందు గదిలో, ఫ్రేములు పేర్చిన గాజు బల్ల వెనక అక్కగారు కూర్చునేది. వెనక గదిలో, అద్దాలు అరగదీసే మిషను ముందు తమ్ముడుగారు కూర్చునేవాడు. ఇద్దరికీ అరవై నాలుగు నిండాయి, ఎందుకంటే ఇద్దరూ కవలలు. అయినా వీధి వీధంతా ఆవిడని అక్కగారనీ, ఆయన్ని తమ్ముడుగారనీ పిలిచేది. ఆవిడ ఆయన కంటే పావుగంట ముందు పుట్టింది మరి.

ఆ పావుగంటని ఆవిడ పదిహేనేళ్ళ పెద్దరికంగా లెక్కగట్టి వాడుకుంది. కొట్టుకి సరుకు వేసే ఫ్రేములవాడు వచ్చే రోజున తమ్ముడు ఏ చొక్కా వేసుకోవాలో, టీలో పంచదార ఎంత వేసుకోవాలో, మబ్బు పట్టినప్పుడు గొడుగు పట్టుకెళ్ళాలో వద్దో అన్నీ ఆవిడే చెప్పేది. ఆయన పెళ్ళి సంగతి కూడా ఆవిడే తేల్చింది. "ఆ మందుల షాపులో పనిచేసే అమ్మాయి నీకు సరిపోతుంది, వెళ్ళి మాట్లాడు" అంది. ఆయన వెళ్ళి మాట్లాడాడు. నిజంగానే సరిపోయింది. అందుకే ఆయన ఎప్పుడూ ఎదురు చెప్పేవాడు కాదు. లోపల మాత్రం, ఆ పావుగంట తనకే దక్కి ఉంటే ఎలా ఉండేదా అని అప్పుడప్పుడూ అనుకునేవాడు.

ఒకరోజు పొద్దున కాడ ఊడిపోయిన కళ్ళజోడు పట్టుకుని ఒకావిడ కొట్టులోకి వచ్చింది. భుజాన గుడ్డ సంచీ, చేతివేళ్ళ చివర పెన్సిల్ మసి. అక్కగారు కళ్ళజోడు అటూ ఇటూ తిప్పి చూసింది.

"రోజంతా ఏం చదువుతారమ్మా, అద్దాలు ఇంతలా గీసుకుపోయాయి?"

"పాత రిజిస్టర్లు, అంతా దుమ్మే. జనం తాతముత్తాతల్ని వెతికిపెడుతుంటాను. ముప్ఫై ఏళ్ళు రికార్డుల ఆఫీసులో చేశాను, ఇప్పుడు సొంతంగా ఇదే పని."

"వెతికితే దొరుకుతారా?"

"పన్ను కట్టినవాళ్ళు దొరుకుతారు. కోర్టుకెక్కినవాళ్ళు ఇంకా బాగా దొరుకుతారు. గొడవా గోలా లేకుండా బతికిపోయినవాళ్ళతోనే చిక్కు."

అక్కగారికి బుర్రలో దీపం వెలిగింది. కొట్టుకి కొత్త బోర్డు రాయించాలని ఏడాదిగా అనుకుంటోంది. కొట్టు పెట్టింది వాళ్ళ నాన్నే, కానీ తాతల కాలం నుంచీ తమది ఇదే వృత్తని ఆయన గొప్పగా చెబుతుండేవాడు. అది రుజువైతే బోర్డు మీద "ఐదు తరాల అనుభవం" అని రాయించవచ్చు. అక్కడికక్కడే పని ఒప్పజెప్పింది. వచ్చినావిడ సంచీలోంచి ఒక కాగితం తీసింది. దొరికింది దొరికినట్టు చెబుతాను, ఏదీ దాచను, లేనిది కలపను అని అందులో ఉంది. "ఇద్దరూ సంతకం పెట్టాలి" అంది. తమ్ముడుగారు వెనక గదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, అక్క చూపించిన చోట సంతకం పెట్టేశాడు.

ఆ రోజు నుంచీ ఆవిడకి కొట్టులో "ఆరాలావిడ" అని పేరు పడిపోయింది.

నెల తిరిగేసరికి ఆరాలావిడ మొదటి కబురు తెచ్చింది. "మీ తాతగారు గుండీలు అమ్మేవారండీ. ఆయన నాన్న కూడా గుండీలే."

అక్కగారి మొహం వాడిపోయింది. కాసేపు ఆలోచించి, "గాజు గుండీలేమో కనుక్కోండి" అంది.

"కొమ్ము గుండీలు. సరుకు జాబితా దొరికింది."

ఐదు తరాలు ఒక్క దెబ్బతో రెండుకి దిగిపోయాయి. అయినా మొదలుపెట్టిన పని మధ్యలో ఆపడం అక్కగారికి చేతకాదు. "అమ్మ వైపు కూడా చూడండి, ఈ ఇంటివాళ్ళనీ వరసగా రాసి ఒక వంశవృక్షం పటం కట్టించండి" అంది.

ఇంకో మూడు వారాలకి ఆరాలావిడ మళ్ళీ వచ్చింది. అక్కగారు బ్యాంకుకి వెళ్ళి ఉంది. తమ్ముడుగారు ఒక్కడే ఉన్నాడు. ఆరాలావిడ కుర్చీలో కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుంది.

"మీరిద్దరూ ఉన్నప్పుడు చెబుదామనుకున్నాను" అంది.

"సంతకం నాది కూడా ఉందిగా" అన్నాడాయన. ఆ ధైర్యం ఎక్కడ్నించి వచ్చిందో ఆయనకే తెలీదు.

ఆవిడ చెప్పింది. మున్సిపాలిటీ పుట్టుకల రిజిస్టర్‌లో కవలల వరస ఒకసారి రాసి, కొట్టేసి, తిరగరాసి ఉంది. కొట్టివేత కనబడితే వదిలిపెట్టకూడదన్నది ఆవిడ వృత్తిలో మొదటి పాఠం. కాన్పు చేసిన మంత్రసాని ఎవరా అని ఆరా తీసింది. ఆ మంత్రసాని మనవరాలు పాత పుస్తకాలన్నీ ఊళ్ళోని గ్రంథాలయానికి ఇచ్చేసిందని తెలిసింది. అందులో ఆ రోజు పేజీ ఇదీ అంటూ నకలు ఆయన ముందు పెట్టింది.

"కవలలు. ముందు మగపిల్లాడు, ఆరూ పదికి. బరువు చాలా తక్కువ. ఆలస్యంగా ఏడ్చాడు. తర్వాత ఆడపిల్ల, ఆరూ పాతిక్కి. గట్టి పిల్ల."

తమ్ముడుగారు మూడుసార్లు చదివాడు. తర్వాత, "అంటే నేను అన్నయ్యనా?" అన్నాడు.

"కాగితం ప్రకారం అంతే. కింద ఇంకో రెండు వరసలున్నాయి, అవీ చదవండి."

ఆయనకి కింది వరసలు చదివే ఓపిక ఎక్కడిది? గాల్లో తేలిపోతున్నాడు. అక్కకి తనే చెబుతానని ఆరాలావిడని పంపించేసి, కాగితం మడిచి అద్దాల సొరుగులో దాచాడు.

ఇంటికి వెళ్ళి ముందు భార్యకి చెప్పాడు. ఆవిడ ముప్ఫై ఆరేళ్ళుగా "వదినగారూ, వదినగారూ" అంటూ అక్కగారి వెనకాల నడిచిన మనిషి. వింటూ వింటూ చేతిలో గరిటె పక్కన పెట్టేసింది.

"అయితే ఇన్నాళ్ళూ వదినని నేనన్నమాట" అంది. అద్దం ముందుకెళ్ళి నిలబడి, "ఏమ్మాయ్, టీ పెట్టావా?" అని ఒకసారి అని చూసుకుంది. బాగానే ఉందనిపించింది. "ఎప్పుడు చెబుతారు?" అని అడిగింది.

"చెబుతా. సమయం చూసి చెబుతా."

రెండు రోజులు ఆయన ఎవరికీ చెప్పకుండా అన్నయ్యగా బతికాడు. అక్క గొడుగు పట్టుకెళ్ళమంటే అక్కర్లేదన్నాడు. తడిసి ముద్దయి వచ్చాడు. టీలో రెండు చెంచాలు వేసుకున్నాడు, తాగలేక సగం పారబోశాడు. చీటీల డబ్బా బల్లకి కుడివైపు ఉండాలని అక్క అంటే, "ఎడమవైపు ఉంటే కొంప మునుగుతుందా?" అన్నాడు. అక్కగారు కళ్ళజోడు పైకెత్తి తమ్ముణ్ణి పరకాయించి చూసి, లేచి వచ్చి నుదుటి మీద చెయ్యి వేసింది. "జ్వరం లేదే" అంది.

మూడో రోజు మధ్యాహ్నం సొరుగులో అద్దం కోసం చెయ్యి పెడితే కాగితం తగిలింది. బయటికి తీశాడు. ఈసారి కింది రెండు వరసలూ కంటబడ్డాయి. మంత్రసాని రాత చిన్నగా, ఒత్తుగా ఉంది.

"పిల్లే పెద్దదని అందరికీ చెప్పమని తల్లి అడిగింది. పిల్లాడు నిలిస్తే, వాడికి తోడుగా పెద్దది ఒకతి ఉండాలట. సరేనన్నాను."

ఆయన మిషను ఆపేశాడు. చిన్నప్పుడు ఆరేళ్ళు వచ్చేదాకా ఆయనకి మాట సరిగ్గా రాలేదు. "వాడికి నీళ్ళు కావాలి", "వాడికి ఆ లెక్క వచ్చు, చెప్పలేకపోతున్నాడు" అంటూ బళ్ళో అంతా అక్కే చెప్పేది. హాజరు పిలిచినప్పుడు తమ్ముడి బదులు కూడా పలికిందని ఒకరోజు బెంచీ ఎక్కించారు. బెంచీ మీద నిలబడి కూడా, "వాడు వచ్చాడు టీచర్, మీరు రాసుకోలేదు" అంది. అప్పుడు ఆవిడకీ ఆరేళ్ళే. ఆయన కంటే పావుగంట చిన్నది.

కాగితం పట్టుకుని ముందు గదిలోకి వెళ్ళాడు. అక్కగారు సన్నటి స్క్రూడ్రైవర్‌తో ఒక ఫ్రేము బిగిస్తోంది.

"ఇది చదువు" అన్నాడు.

ఆవిడ చదివింది. తలెత్తలేదు. అప్పుడే ఎవరో తలుపు తోసుకుని లోపలికి వస్తుంటే, "పది నిమిషాలాగి రండి" అని పంపించేసింది. వచ్చిన బేరాన్ని ఆవిడ వెనక్కి పంపడం తమ్ముడుగారు చూడ్డం అదే మొదటిసారి.

"అమ్మ చెప్పమందా?" అంది.

"అమ్మే."

"నాతో ఒక్క మాట అనలేదు చూడు." స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టింది. "నాలుగో తరగతిలో మన బడి వెనక గోడ గుర్తుందా? అందరూ దూకేవాళ్ళు. నాకూ దూకాలనుండేది. నువ్వు కింద నిలబడి చూస్తున్నావని దూకలేదు. పెద్దదాన్ని నేనే దూకితే నువ్వూ దూకుతావు, కాలు విరగ్గొట్టుకుంటావు అనుకున్నాను."

"ఆ గోడ నా నడుం దాకా కూడా ఉండేది కాదక్కా."

"అదే చెబుతున్నా. అంత గోడ కూడా దూకలేదు."

"పోనీలే, ఇప్పుడు మారేదేముంది" అన్నాడు.

"ఎందుకు మారదు?" ఆవిడ లేచి, కొక్కేనికున్న సంచీ తీసుకుంది. కళ్ళు తుడుచుకుంటోందో, కళ్ళజోడు తుడుచుకుంటోందో తెలీలేదు. మొహం మాత్రం ఏదో బరువు దించుకున్నట్టు తేలిగ్గా ఉంది. "నేను సినిమాకి వెళ్తున్నా. రేపు ఫ్రేములవాడు వస్తాడు, నువ్వే మాట్లాడు అన్నయ్యా."

ఆ "అన్నయ్యా" ఆయన చెవుల్లో చాలాసేపు మోగింది. అనుకున్నంత తియ్యగా మాత్రం లేదు.

వారం రోజులు ఆయన ముందు గదిలో కూర్చున్నాడు. ఫ్రేములవాడు మాటకారి. ఎప్పుడూ అక్కగారి ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడు, ఈసారి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వెళ్ళేటప్పటికి కొట్టులో పన్నెండు డజన్ల ఊదారంగు ఫ్రేములు మిగిలాయి. మర్నాడు అక్కగారు వాటిని చూసింది. చీవాట్లకి ఆయన సిద్ధపడే ఉన్నాడు. ఆవిడ ఒకటి పెట్టుకుని అద్దంలో చూసుకుని, "భలే ఉన్నాయి అన్నయ్యా" అని వెనక గదిలోకి వెళ్ళి వారపత్రిక తెరిచింది. ఆయనకి చీవాట్ల కంటే అదే ఎక్కువ తగిలింది.

ఆవిడ తీరే మారిపోయింది. పదిన్నరకి వచ్చేది. తాళాలు ఎక్కడున్నాయంటే, "నాకేం తెలుసు, చిన్నదాన్ని" అనేది. తమ్ముడి భార్యని నిండుగా "వదినా" అని పిలిచి, ఆవిడ చేత రెండుసార్లు టీ పెట్టించుకుంది. పాపం, ఆ ఇల్లాలు వదిన అయినా టీ తనే పెట్టాల్సి వస్తుందని అనుకోలేదు.

అయితే ఆ వారంలోనే ఇంకోటి కూడా జరిగింది. రిటైరైన హెడ్మాస్టరు గారొకాయన ఉన్నాడు. చూపు బాగా తగ్గింది, కానీ ఒప్పుకోడు. గోడ మీద అక్షరాల పట్టిక బట్టీపట్టి గడగడా అప్పజెప్పేస్తాడు. అక్కగారు ఏడేళ్ళుగా ఆయనతో వాదిస్తూనే ఉంది. ఆ రోజు ఆయన వస్తే తమ్ముడుగారు పట్టిక ఊసే ఎత్తలేదు. పేపరు చేతికిచ్చి, "అద్దాలు అరగదీసీ అరగదీసీ నా కళ్ళు మండుతున్నాయి మాస్టారూ, కాస్త చదివి వినిపిస్తారా?" అన్నాడు. ఆయన ఉత్సాహంగా మొదలుపెట్టి, రెండు వరసలు తడబడి ఆగిపోయాడు. పేపరు నెమ్మదిగా మడిచాడు. "ఒకసారి పరీక్ష చెయ్యి నాయనా" అన్నాడు.

వెనక గదిలోంచి అక్కగారు అంతా వింది. హెడ్మాస్టరు గారు వెళ్ళాక గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏడేళ్ళు దెబ్బలాడాను ఆయనతో. ఇది నువ్వెప్పుడు నేర్చుకున్నావు?"

"నీ పక్కన నోరు మూసుకుని కూర్చుంటే చాలా వస్తాయి" అన్నాడాయన.

ఆవిడ నవ్వి నవ్వి గుమ్మాన్ని పట్టుకుంది. ఎన్నేళ్ళ తర్వాతో అలా నవ్వడం.

ఆ శనివారం ఆరాలావిడ పటం చిత్తుప్రతి పట్టుకొచ్చింది. గుండీల తాతలూ, అమ్మ వైపు పడవల రేవులో గుమాస్తాగా చేసిన ఒక ముత్తాతా, అందరూ గళ్ళలో కూర్చుని ఉన్నారు. అన్నిటికంటే కింద రెండు గళ్ళు ఖాళీగా ఉన్నాయి.

"పెద్దవాళ్ళ పేరు ఎడమవైపు రాయాలి. మిమ్మల్ని ఒకమాట అడుగుదామని వదిలేశాను" అంది.

"అక్క పేరే ముందు రాయండి" అన్నాడు తమ్ముడుగారు.

"అదేం కుదరదు" అంది అక్కగారు.

"నేను పెద్దవాణ్ణి. పెద్దవాడి మాట వినవా?"

అక్కగారు చిత్తుప్రతి తనవైపు లాక్కుని, తమ్ముడి పేరు ఇక్కడే రాయమన్నట్టు ఎడమ గడి మీద వేలు పెట్టింది.

"మీ ఇద్దరి మాటా నేను వినలేను" అంది ఆరాలావిడ. "ఏం దొరికితే అదే రాస్తానని సంతకం పెట్టించుకున్నది నేనే. అబ్బాయి ముందు, అమ్మాయి తర్వాత. కావాలంటే ఆ కింద మంత్రసాని రాసిన రెండు వరసలూ ఉన్నవున్నట్టు రాస్తాను. చదివినవాళ్ళకి సంగతి తెలుస్తుంది."

ఇద్దరికీ అది నచ్చింది. పటం కొట్టు గోడకెక్కింది. చూసినవాళ్ళంతా ఆ రెండు వరసలు చదివి, ఒకసారి ఈవిడ వైపూ ఒకసారి ఆయన వైపూ చూసేవాళ్ళు. పిలుపు మాత్రం ఎవరూ మార్చుకోలేదు, అంత ఓపిక ఎవరికుంది?

కొట్టులో మాత్రం కొన్ని మారాయి. కొనుగోళ్ళు మళ్ళీ అక్కగారి చేతికి వచ్చాయి, అడిగి మరీ తీసుకుంది. మొండి గిరాకీలు వస్తే తమ్ముడుగారు ముందు గదిలోకి వచ్చేవాడు. బుధవారాలు అక్కగారు కొట్టుకి రావడం మానేసింది. ఒక బుధవారం తమ్ముడి భార్యని వెంటబెట్టుకుని సరస్సు మీద పడవ షికారుకి రెండు రోజులు బయల్దేరింది. బస్సు ఎక్కించడానికి తమ్ముడుగారు వచ్చాడు.

"నీళ్ళ దగ్గర అంచుకి వెళ్ళకండి. తొందరపడి దిగొద్దు" అన్నాడు, పెద్దరికంగా.

"సరే అన్నయ్యా" అంది ఆవిడ వినయంగా. బస్సు కదిలింది. కిటికీలోంచి తల బయటికి పెట్టి, "గొళ్ళెం వేసి ఒకసారి లాగి చూడు. హెడ్మాస్టరు గారి అద్దాలు రెండో సొరుగులో ఉన్నాయి. రాత్రి పెరుగు చల్లగా తినకు, గొంతు పట్టేస్తుంది" అంటూ, బస్సు మలుపు తిరిగేదాకా చెబుతూనే ఉంది. ఆయన ఊ కొడుతూ బస్సు పక్కనే కొంతదూరం నడిచాడు.