ఎనిమిది లక్షల దాకా

వదిన నడిపే చొక్కాల కార్ఖానాలో ఇరవై రెండు మిషన్లు ఒక్కసారిగా మోగుతుంటే ఎవరి మాటా ఎవరికీ వినబడదు. మరిది రెండుసార్లు అరిచి చెప్పినా వదినకు సగమే అందింది. ఆమె అతని చెయ్యి పట్టుకుని గుండీల పెట్టెలు పేర్చిన చిన్నగదిలోకి లాక్కెళ్ళి తలుపు వేసింది.

"ఇప్పుడు చెప్పు. ఎవరికి ఎవరు వాటా ఇస్తున్నారు?"

మరిది గుర్రాలకు లాడాలు కొడతాడు. చుట్టుపక్కల లాయాల్లో అతనికి కాలు ఇవ్వని గుర్రం లేదు. ఎల్లుండి వేలానికి వస్తున్న రెండేళ్ళ ఆడగుర్రానికి పొద్దున లాడాలు కొడుతుంటే, అక్కడి పనివాడు మాటల్లో మాటగా నోరు జారాడు.

"దాని యజమానికి ఏడు లక్షలు వస్తే చాలట వదినా. మన ఏజెంటు మాత్రం నీచేత పదహారు పెట్టిస్తానని మాటిచ్చాడట. పైన వచ్చేది వాళ్ళిద్దరికీ చెరిసగం. పాట పెంచడానికి యజమాని బావమరిదిని ఎదురుగా కూర్చోబెడతారట."

ఆ ఏజెంటు పరాయివాడు కాదు, చనిపోయిన ఆమె భర్తకు పాతికేళ్ళ స్నేహితుడు. భర్త ఉన్నప్పుడు మూడు గుర్రాలు అతని చేతిమీదుగానే కొన్నారు. మూడూ పరుగులో చతికిలబడ్డాయి. "నాకు గుర్రాన్ని చూసే కన్ను లేదే" అని ఆయన చివరిదాకా తనని తానే తిట్టుకున్నాడు. ఈసారి గుర్రాన్ని ఎంచుకున్నది మాత్రం వదిన. ఇటుక రంగు, నుదుటిమీద వేలెడంత తెల్లమచ్చ. మైదానంలో అది ఒక్క చుట్టు తిరగడం చూసిన రోజు నుంచి ఆమెకు కంటిమీద కునుకు లేదు.

"పనివాడి మాట పట్టుకుని మనిషిమీద నింద వెయ్యలేం" అంది చివరికి. "పద, అడగాల్సినవాళ్ళనే అడుగుదాం."

ఇద్దరూ స్కూటరెక్కి, వాళ్ళకు రెండో గుర్రం అమ్మిన ముసలామె ఇంటికి వెళ్ళారు. ఆమె ముందుగదిలో కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటోంది. విషయం వినగానే తుడవడం ఆపేసింది.

"పదకొండు లక్షలా మీరు కట్టింది? నాకు అయిదే ఇచ్చాడమ్మా! మిగతాది ఆయన కమీషన్ అన్నాడు, మీకు తెలిసే ఇస్తున్నారనుకున్నాను. అయినా దాని ముందుకాలి మోకాలు బలహీనం, పరుగుకి పనికిరాదు అని చెప్పే అమ్మానే! మీ ఆయనకి చెప్పలేదా?"

"చెప్పలేదు పెద్దమ్మా" అంది వదిన. ముసలామె వెతికి ఇచ్చిన అయిదు లక్షల పాత రసీదు కొంగున ముడేసుకుంది. మెట్లు దిగేటప్పుడు మరిది భుజం పట్టుకుంది. "మీ అన్నయ్య కన్నుకేం కాలేదురా. ఆయన చెవిలో పడాల్సిన మాట పడలేదు, అంతే."

"వాడి కాళ్ళకి లాడాలు కొట్టేస్తాను, చూస్తూ ఉండు!"

"నీ సుత్తి అవసరం లేదు. వేలంలో వాళ్ళ సుత్తి ఉందిగా."

వేలంవాళ్ళ పద్ధతి ఆమెకు తెలుసు. ఒకరి తరఫున ఇంకొకరు పాడాలంటే డబ్బు పెట్టేవాళ్ళు సంతకం చేసిన ఉత్తరం ఉండాలి. పాట ముగిశాక గుమాస్తా దాన్ని చూసి కొన్నవాళ్ళ పేరున చీటీ రాస్తాడు. వదిన ఆ రాత్రే ఉత్తరం రాసి, కవరులో పెట్టి అంటించింది.

వేలం రోజు పొద్దున గేటు దగ్గర ఏజెంటు ఎప్పటిలాగే నవ్వుతూ ఎదురొచ్చాడు. వదిన కవరు చేతికిచ్చింది.

"ఎనిమిది దాకే అన్నయ్యగారూ. అందులోనూ అదే రాశాను. దాటితే నాకొద్దు."

"అలాగేనమ్మా, నేనున్నాను కదా! పాట వేడెక్కితే నువ్వే ఇంకా పెంచమంటావు చూడు" అని అతను కవరు విప్పకుండానే జేబులో పెట్టుకున్నాడు.

మరిది ఆ మాటలన్నీ పక్కనే నిలబడి విన్నాడు.

రంపపు పొట్టు పరిచిన గుండ్రటి బరిలోకి గుర్రాన్ని తెచ్చారు. చుట్టూ బల్లలన్నీ నిండిపోయాయి. అది మెడ విదిలించి ఒకసారి సకిలించేసరికి హాలంతా సద్దుమణిగింది. పాట నాలుగు లక్షలతో మొదలైంది. ఒక పళ్ళ డాక్టరు అయిదన్నాడు. ఏజెంటు అయిదున్నర. ఎదురు బల్లమీద గోధుమరంగు కోటు తొడుక్కున్న మనిషి చెయ్యెత్తాడు, ఆరున్నర!

"అదిగో బావమరిది!" మరిది వదిన చెవిలో అన్నాడు.

ఏడు. ఏడున్నర. డాక్టరు తలూపుతూ తప్పుకున్నాడు. ఎనిమిది అన్నది ఏజెంటే. ఇక్కడ ఆగితే ఇంత కథా లేదు, అతనికి మర్యాద దక్కుతుంది. కోటు మనిషి తొమ్మిదన్నాడు. ఏజెంటు వెనక్కి తిరిగైనా చూడలేదు, పది!

ఇక ఇద్దరూ పూనకం వచ్చినట్టు పాడారు. పన్నెండు, పదమూడు, పద్నాలుగున్నర... కోటు మనిషి పదిహేనున్నర దగ్గర ఆగాడు. ఏజెంటు పదహారు. ఠప్పున సుత్తి పడింది.

ఏజెంటు దర్జాగా గుమాస్తా బల్ల దగ్గరికి నడిచి కవరు ఇచ్చాడు. గుమాస్తా చదివి, మళ్ళీ చదివాడు.

"ఇందులో ఎనిమిది దాకే అని ఉందండీ. పదహారుకి ఇది చెల్లదు. చీటీ మీ పేరున రాస్తాను, నాలుగోవంతు ఇప్పుడే కట్టాలి."

ఏజెంటు గబుక్కున వదినవైపు తిరిగాడు. "అమ్మా, ఏమిటిది? చెప్పమ్మా వీళ్ళకి!"

"పొద్దున చెప్పానుగా అన్నయ్యగారూ. దాటితే నాకొద్దని."

చుట్టూ జనం మూగారు. కట్టడానికి ఏజెంటు దగ్గర అంత డబ్బు లేదు. వేలం నడిపే పెద్దాయన దిగివచ్చి, పోనీ పదిహేనున్నర పాడినాయన తీసుకుంటారా అని అడిగాడు. గోధుమరంగు కోటు అప్పటికే తలుపు దాకా వెళ్ళింది. మరిది అడ్డంగా నిలబడ్డాడు.

"నాకెందుకయ్యా గుర్రం!" ఆ మనిషి బెదిరిపోయి అరిచాడు. "చెయ్యెత్తమన్నారు, ఎత్తాను! లాభం మా బావా, ఆ ఏజెంటూ పంచుకుంటారు, నాకు దక్కేది భోజనం ఖర్చే!"

హాలంతా గొల్లుమంది. పెద్దాయన మాత్రం నవ్వలేదు. ముసలామె ఇచ్చిన పాత రసీదు కూడా వదిన ఆయన ముందు పెట్టింది. ఆయన అది చదివి, జరిగిన పాట రద్దు చేసి, ఏజెంటునీ బావాబావమరుదులనీ ఇక ఆ గుమ్మం తొక్కొద్దన్నాడు. యజమాని తల దించుకుని, గుర్రాన్ని మాత్రం ఇవాళే అమ్మించండని బతిమాలాడు. పాట మళ్ళీ మొదలైంది.

ఈసారి వదిన తానే చెయ్యెత్తింది. అయిదు. డాక్టరు అయిదున్నర. జరిగింది చూశాక ఆయనకీ పంతం వచ్చినట్టుంది. ఆరు. ఏడు. ఏడున్నర అంది వదిన. డాక్టరు కాసేపు గుర్రాన్నీ, కాసేపు పైకప్పునూ చూసి ఎనిమిదన్నాడు.

"అయిపోయింది" అన్నాడు మరిది నీరసంగా. "మన హద్దు అదే కదా."

సుత్తి పైకి లేచింది. బరిలో గుర్రం ఒక్క క్షణం ఆగి చెవులు నిక్కబొడిచింది.

"ఎనిమిది లక్షల ఇరవై అయిదు వేలు!" తన కేకకు వదిన తానే ఉలిక్కిపడింది.

"వదినా! ఎనిమిది దాటితే వద్దన్నావు!"

"అది అతనికి చెప్పాన్రా, నాకు కాదు!"

డాక్టరు నవ్వి రెండు చేతులూ జోడించాడు. సుత్తి పడింది. చీటీమీద సంతకం చేస్తుంటే ఆమె అక్షరాలు వంకరగా వచ్చాయి.

ఆ గుర్రం మొదటి పందెం నాడు కార్ఖానాకు సెలవిచ్చారు. కుట్టేవాళ్ళు ఇరవై రెండు మందీ కంచె దగ్గర బారులు తీరారు. మొదటి మలుపులో అది అందరికన్నా వెనక. రెండో మలుపులో ఒక్కొక్కదాన్నే దాటుకుంటూ వచ్చింది. "రావే తల్లీ, రావే!" అని వదిన కంచె ఎక్కేసింది. మరిది ఆమె పమిట చెంగు పట్టుకుని ఆపుతూ తానూ అరుస్తున్నాడు. గీత దగ్గర రెండు గుర్రాలు పక్కపక్కనే కలిసిపోయాయి. గెలుపు ఏ గుర్రానిదో ఎవరికీ తెలియలేదు.

ఫలకంమీద అంకె పడింది. మెడంత తేడాతో రెండో స్థానం.

వదిన కంచె దిగి పరుగెత్తింది. చెమటతో మెరుస్తున్న గుర్రం మెడకు చెంప ఆనించి, ఏడుస్తూ, నవ్వుతూ, "ఏమండీ, చూశారా దీన్ని" అని పక్కన లేని మనిషితో అంది.