తొలి ఊపిరికి ముందు

మొగుడి చొక్కా కాలరు ఆమె ఇస్త్రీ చేస్తుండగా, ఆ రోజు సభలో చెప్పబోయే ఉపన్యాసం ఆయన ఎత్తుకున్నాడు. కాలేజీలో తత్వశాస్త్రం చెప్పే మొగుడికి ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడ్డ పెళ్లామే తొలి సభ. చెయ్యి ఆగకూడదు, తల ఊగుతుండాలి, చివర్లో "చాలా బాగుందండీ" అనాలి. పెళ్లైన కొత్తల్నుంచీ ఇదే వరస.

"అసలు ఆత్మ ఎక్కణ్ణుంచి వస్తుంది?" అని అద్దాన్ని అడిగాడు. ఒక్కో ఆత్మనీ దేవుడు అప్పటికప్పుడు సృష్టిస్తాడని కొందరు, ముందే ఎక్కడో ఉండి ఒంట్లోకి దిగుతుందని కొందరు, దీపంతో దీపం వెలిగించినట్టు తల్లిదండ్రుల నుంచే వస్తుందని ఇంకొందరు అంటారట. అన్నీ చెప్పి, గొంతు పెంచి తేల్చేశాడు. "నా మటుకు నాకు తొలి ఊపిరితోనే ఆత్మ. అంతకుముందున్నది వట్టి మాంసం. తల్లి దాన్ని మోసే కుండ."

ఇస్త్రీ పెట్టె ఆగిపోయింది.

వట్టి మాంసమట! ఆమె గిన్నెలు తోముతూ కూనిరాగం తీస్తే కడుపులో కుదురుగా ఉండి, ఆపగానే తన్నేది ఆ పిల్ల. ఆస్పత్రి నుంచి ఒట్టి చేతులతో ఇంటికొచ్చిన రోజు అత్తగారు, "ఊపిరే తియ్యనిదానికి ఏడుపెందుకమ్మా? లేచి ఇంత వండు, వాడు పొద్దుట్నుంచీ ఏం తినలేదు" అంది. లేచింది, వండింది, వడ్డించింది కూడా. ఎంత మొద్దునైపోయానో అని ఇప్పుడు తనని తానే తిట్టుకుంది.

"ఏం, బాగాలేదా?" అన్నాడాయన.

"మన పాప తన్నేది కదండీ. వట్టి మాంసం తన్నుతుందా?"

"మళ్లీ మొదలెట్టావా! నేను మాట్లాడేది తత్వం, నీ సొంత గోల కాదు."

"నా పొట్ట మీద చెయ్యేసి, 'నా గొంతు గుర్తుపట్టింది చూడు' అని మురిసిపోయింది మీరే."

"ఏదో ముచ్చటకన్నాను లేవే. త్వరగా కానీ, టైమైపోతోంది. నువ్వు ముందు వరసలో కూర్చో. ఎవడైనా తిక్క ప్రశ్న వేస్తే నన్ను చూసి నవ్వు, కాస్త ధైర్యంగా ఉంటుంది."

ఒక చెయ్యి మాత్రమే ఇస్త్రీ అయిన చొక్కా ఆయనకిచ్చేసింది.

"రెండోది మీరు చేసుకోండి, నేను చీర మార్చుకోవాలి. ముందు వరసలోనే కూర్చుంటాను. ఆ తిక్క ప్రశ్న నేనే వేస్తాను. పాప పేరు చెప్పి మరీ అడుగుతాను."

ఆయన తెల్లబోయాడు. "పేరా? దానికి పేరెప్పుడు పెట్టావు? ఏం పేరు?"

"సభలో వినండి," అంది, "అందరితో పాటూ."