పాత కచేరీలో హాజరు

రాయగడ కచేరీకి దారి అడగాల్సిన ఖర్మ మన్మథరావుకేం పట్టింది? తండ్రి వెంట పదిసార్లు వచ్చిన చోటు. గుణుపురం దగ్గర తాతనాటి ఎకరన్నర మడిని పక్కరైతు తనదంటున్నాడు. ఈ రోజు పదకొండింటికి విచారణ. హాజరు కాకపోతే మడి మీద ఆశ వదులుకోవాల్సిందే. ఒరియా నోటీసులో తేదీ, గంట కూతురు చదివింది. చోటు చదవబోతే, "నాకు తెల్దేటమ్మి?" అని కాగితం లాక్కున్నాడు. అన్నీ తెలిసినవాడికి చెప్పడం ఎవరి తరం!

తీరా వస్తే కచేరీకి పసుపు రంగు, గోడల నిండా ధింసా ఆడే ఆడవాళ్ల బొమ్మలు, లోపల డప్పులు. ప్రభుత్వం మారితే రంగులూ మారతాయిలే అనుకున్నాడు. చెప్పులు విడిచి, భుజం మీది తువ్వాలు నడుముకు చుట్టి వసారాలో కూర్చున్నాడు. బంట్రోతు పేరు పిలవందే లోపలికి వెళ్లకూడదని తండ్రి నేర్పిన మర్యాద. పన్నెండైనా పిలుపు లేదు.

చివరికి కళ్లద్దాల ఆవిడొకరు తొంగిచూసింది. "గుణుపురం నుంచేనా? రండి, మీకోసమే సూస్తన్నాం."

లోపల ఎత్తు కుర్చీలో తలపాగా చుట్టిన అధికారి. ఈ కాలంలో తలపాగా ఏమిటో! మన్మథరావు చేతులు కట్టుకున్నాడు. "బాబూ, మా తాత రాళ్లేరి సేసిన మడి. మాయమ్మ ఆ గట్టుమీదే పోయింది..."

అధికారి దిగివచ్చి, "భూమి నీదే" అన్నాడు. గదంతా చప్పట్లు.

కచేరీలో చప్పట్లేమిటి? బుర్ర తిరిగిపోయింది గానీ ప్రాణం లేచొచ్చింది. "ఆర్డరు కాయితం ఎప్పుడిస్తారమ్మా?" అని ఆవిడకు నోటీసు చూపించాడు.

ఆవిడ పేరు ఫ్లోరా, నాటకం నేర్పే టీచరు. నోటీసు చదివి తెల్లబోయింది. "బాబాయ్, కచేరీ ఊరవతలికి మారి ఏడాదైంది. ఇది కళాకేంద్రం. మా నాటకంలో రైతు వేషానికి గుణుపురం నుంచి ఒకాయన రావాలి. మీరే అనుకున్నాం."

స్కూటరు మీద ఎక్కించుకుని గబగబా కొత్త కచేరీకి తీసుకెళ్లింది. అక్కడ గుమస్తా సంజయ్ కుమార్ ఫైలు కట్టేస్తున్నాడు.

"మూడుసార్లు పిలిచేం. ఎవరూ పలకలేదు. మీ కేసు కొట్టేసేరు."

మన్మథరావుకు ఏడుపు ముంచుకొచ్చింది. ఎవరి మీద కోప్పడాలో కూడా తోచలేదు.

"పలికేను బాబూ," అన్నాడు. "బూమి నాదేనన్నారు. అందరూ సప్పట్లు కొట్టేరు."